దండ ఎందుకేస్తారు టీచర్?

ఈ ఏడాది కూడా ఆగస్టు రాగానే మా ప్రిన్సిపాల్ గారు స్టాఫ్ రూములోకి వచ్చి, "మేడమ్ గారూ, జెండా పండగ గురించి ఒకటో తరగతి పిల్లలకి మీరే చెప్పాలండి. మీరు చెప్తే నోళ్ళు తెరుచుకుని వింటారు" అన్నారు. చెప్పనండి అన్నాను. ఎటకారం అనుకుని ఆయన నవ్వారు. "లేదండి, నిజంగానే చెప్పను. తోరణాలు కట్టమంటే కడతాను, బిస్కెట్లు పంచమంటే పంచుతాను, మైకు పట్టుకుని నిలబడమంటే నిలబడతాను. ఆ ఫొటోల్లో ఉన్న పెద్దాళ్ళ గురించి మాత్రం నా చేత చెప్పించకండి" అని గట్టిగానే అనేశాను. ఆయన మొహం చిన్నబోయింది. కొత్తగా వచ్చిన మనిషి, ఆయనకేం తెలుసు పాపం. పాతవాళ్ళెవరూ నన్ను ఆ మాట అడగరు.

నాకు కోపం ఎక్కువ, నోరు ఇంకా ఎక్కువ. కానీ కొన్నేళ్ళ కిందట ఒక ఆగస్టులో జరిగింది మాత్రం ఇంతవరకూ ఎవరికీ మొదటినుంచి చివరిదాకా చెప్పలేదు. చెప్పడం మొదలుపెట్టినప్పుడల్లా మధ్యలో ఎక్కడో ఏడుపొచ్చేస్తుంది, లేదా ఎదుటివాళ్ళ మీద విసుగొచ్చేస్తుంది. కాగితం అయితే ఎదురు మాట్లాడదు కదా.

గోదావరి సముద్రంలో కలిసే చోటుకి కాస్త ఇవతల ఉంటుంది మా ఊరు. మగవాళ్ళది వేట, ఆడవాళ్ళది చేపల బుట్ట. నేను డిగ్రీ దాకా చదువుకున్నాను కాబట్టి నా చేతికి బుట్టకి బదులు చాక్‌పీసు వచ్చింది. ఊళ్ళోనే ఉన్న చిన్న ప్రైవేటు స్కూల్లో టీచర్ని. మా ఆయన బోటు డ్రైవరు, నాకు మేనబావ. బావ సముద్రం మీదికి వెళ్తే వారం పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఒడ్డు కనపడనంత దూరం వెళ్ళాక ఫోను పనిచెయ్యదు. వచ్చేదాకా ఎదురుచూడటమే మా ఆడవాళ్ళ పని.

మా ఇళ్ళలో ఒక మాట అనకూడదు. వేటకి వెళ్ళిన మనిషిని 'పోయాడు' అనకూడదు, 'వెళ్ళాడు' అనాలి. ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు, దెబ్బలు తిని నేర్చుకోవడమే. చిన్నప్పుడు ఎవరో అడిగితే "నాన్న పోయాడు" అన్నానని, మా అమ్మ చేతిలో ఉన్న చేపతోనే నా వీపు మీద ఒక్కటిచ్చింది. ఆ వాసన స్నానం చేసినా వదల్లేదు. ఆ తర్వాత ఎప్పుడూ నా నోటివెంట ఆ మాట రాలేదు.

ఆ ఆగస్టులో బావా, పక్కింటి అన్నయ్యా ఒకే బోటులో వెళ్ళారు. పక్కింటి అన్నయ్య మాకు వరసకే అన్నయ్య. ఆయన భార్యని వదినా అని పిలుస్తాను. వాళ్ళకీ ఒక్కతే కూతురు, మాకూ ఒక్కతే కూతురు. ఇద్దరూ నా క్లాసులోనే, ఒకే బెంచీ మీద. ఒకే టిఫిను డబ్బాలో తింటారు, ఒకే రబ్బరు కోసం కొట్టుకుంటారు. స్కూల్లో మా పాప కూడా నన్ను టీచర్ అనే పిలవాలి. ఇంటికొచ్చాక ఒక్కోసారి అలవాటు తప్పి "టీచర్, అన్నం పెట్టు" అనేది.

బోటు వెళ్ళిన తర్వాత అల్పపీడనం అన్నారు. ఆ తర్వాత వాయుగుండం అన్నారు. బయట ఉన్న బోట్లన్నీ వెనక్కి వచ్చెయ్యాలని కబురు పెట్టారు. ఒక్కొక్కటే వచ్చాయి. రేవులో నిలబడి వచ్చిన ప్రతి బోటుకీ ఎదురెళ్ళాను. మా బోటు రాలేదు. చివరగా వచ్చిన బోటువాళ్ళు, "ఇంజను మొరాయిస్తోందని వైర్‌లెస్‌లో అన్నాడమ్మా మీ ఆయన. ఆ తర్వాత మాట వినపడలేదు" అని చెప్పి నా మొహం చూడలేక వల సర్దుకోసాగారు. వెతుకుతున్నాం అన్నారు హార్బర్ ఆఫీసువాళ్ళు. ఎప్పుడు అడిగినా అదే మాట. వెతుకుతున్నాం అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. వాళ్ళని అనడం కాదు, ఆ మాటలో అవునూ ఉండదు, కాదూ ఉండదు.

ఇంట్లో మా అత్త పెద్దాపురం మరిడమ్మకి మొక్కింది, పిఠాపురం అమ్మవారికి మొక్కింది, గుర్తొచ్చిన దేవుళ్ళందరికీ మొక్కింది. మొక్కడం అయిపోయాక మూలగడం. ఆ మూలుగు వినలేక స్కూలుకి వెళ్ళిపోయాను. సెలవు పెట్టుకోండమ్మా అన్నారు అందరూ. సెలవు పెట్టుకుని ఏం చెయ్యను? గోడల్ని చూస్తూ కూర్చోనా?

అది జెండా పండగకి ముందు రోజు. పిల్లలకి అంతా వివరించి, నినాదాలు ప్రాక్టీసు చేయించాలి. "రేపు పొద్దున్నే మనం జెండా ఎగరేస్తాం" అని మొదలుపెట్టానో లేదో, ముందు బెంచీలోంచి ఒకడు లేచి, "ఎన్నో నంబరండి?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. "ఎన్నో నంబరేంట్రా?"

"ఎగరేసేది ఎన్నో నంబరండి? మూడో నంబరు ఎగరేస్తే మా నాన్న వేటకెళ్ళడండి."

మా ఊరి పిల్లలకి ఎగరెయ్యడమంటే హార్బర్‌లో ఎగరేసే ప్రమాద సూచికే. ఇది ఆ జెండా కాదు నాయనా, ఇది మన దేశం జెండా, సంతోషంగా ఎగరేస్తాం అన్నాను. గ్లాసుడు నీళ్ళు తాగి, బల్ల మీద ఫొటోలు పేర్చాను. బోసి నవ్వు తాతగారు, కోటుకి గులాబీ పెట్టుకున్నాయన, నీలం కోటూ కళ్ళజోడూ ఉన్నాయన, మన్యంలో విల్లు పట్టుకుని తిరిగినాయన. వీళ్ళంతా మనకోసం పోరాడారు, జైళ్ళకి వెళ్ళినవాళ్ళున్నారు, దెబ్బలు తిన్నవాళ్ళున్నారు, మనం ఇలా హాయిగా కూర్చుని చదువుకోవడానికి వాళ్ళే కారణం అని చెప్పాను. పిల్లలు బాగానే విన్నారు. ఆయమ్మ, అంటే మా స్కూల్లో ఊడ్చి తుడిచే ఆవిడ, కడియం నుంచి వచ్చిన బంతిపూలతో ఒక దండ కట్టి, కొలత సరిపోతుందో లేదో చూడమని తెచ్చింది. తాతగారి ఫొటోకి వేసి చూశాను. సరిపోయింది.

అప్పుడు పక్కింటి పిల్ల చెయ్యెత్తింది. "దండ ఎందుకేస్తారు టీచర్?"

"పెద్దవాళ్ళు కదమ్మా, గౌరవం."

"మా తాతకి చచ్చిపోయాక వేశారు. వీళ్ళు కూడా చచ్చిపోయారా?"

క్లాసంతా నావైపు తిరిగింది. మా పిల్లలు వేటవాళ్ళ పిల్లలు, ఏ బోటు వచ్చిందో ఏ బోటు రాలేదో పెద్దవాళ్ళ కన్నా ముందు వాళ్ళకే తెలుస్తుంది. ఆ పిల్ల పక్కనే మా పాప కూర్చుని, పెన్సిలు నోట్లో పెట్టుకుని నావైపే చూస్తోంది. అవునమ్మా, చనిపోయారు, అని ఒక్క ముక్క. ఎవరైనా అనేస్తారు. ఎప్పుడో వెళ్ళిపోయిన మహానుభావులు, వాళ్ళ గురించి ఆ మాట అంటే ఎవరికి నష్టం? కానీ ఆ ఇద్దరి కళ్ళల్లోకీ చూస్తూ నేను అనలేకపోయాను. అంటే ఆ మాట ఎక్కడికో సముద్రం మీదికి వెళ్ళి ఎవరినో తాకుతుందనిపించింది.

"లేదమ్మా" అన్నాను. "వాళ్ళు అమరులు. అమరులంటే చావు లేనివాళ్ళు."

పుస్తకంలో ఉన్న మాటే. చచ్చిపోయినవాళ్ళని చావు లేనివాళ్ళు అని పిలవాలని ఎవరికి తోచిందో గానీ, అది పెద్దవాళ్ళు పెద్దవాళ్ళకి చెప్పుకోవాల్సిన మాట. ఆరేళ్ళ పిల్లలకి కాదు.

"మరి ఎక్కడున్నారు?"

"దూరంగా ఉన్నారు. మనకి కనిపించరు. కానీ ఉన్నారు."

"దండేస్తే ఉంటారా?"

"దండ వేసి, దణ్ణం పెట్టుకుని, అమర్ రహే అనాలి. అంటే ఎప్పటికీ ఉండాలి అని. అలా తలుచుకుంటూ ఉంటే ఎప్పటికీ ఉంటారు."

"వెయ్యకపోతే?"

దీని దుంప తెగ, వదలదే! "వెయ్యకపోతే మర్చిపోతాం. మర్చిపోతే వాళ్ళు లేనట్టే. ఇంక కూర్చో" అన్నాను. కూర్చుంది. మా పాప నోట్లోంచి పెన్సిలు తీసి, దాని చెవిలో ఏదో చెప్పింది. నేను పట్టించుకోలేదు. నా చెవులు బయట రోడ్డు మీద ఉన్నాయి, రేవు నుంచి ఎవరైనా పరిగెత్తుకొస్తారేమోనని.

మర్నాడు సన్నగా తుంపర. జెండా తడిసి కర్రకి అతుక్కుపోతే మా ప్రిన్సిపాల్, అప్పటాయన, తాడు లాగి లాగి విడిపించారు. ఫొటోలకి దండలు వేశాం. నినాదాలు చెప్పించాను. అమర్ రహే అని మా పాప అరిచినట్టు ఇంకెవరూ అరవలేదు. మెడ నరాలు తేలేలా, కళ్ళు మూసుకుని అరిచింది. పక్కింటి పిల్ల కూడా. ఏం బాగా నేర్చుకున్నార్రా అని అందరూ మెచ్చుకున్నారు. బిస్కెట్లు పంచడం పూర్తి కాకముందే నేను రేవుకి పరిగెత్తాను. పిల్లల్ని ఇంటికి తీసుకెళ్ళమని ఆయమ్మకి చెప్పాను.

రేవులో అదే మాట. వెతుకుతున్నారు. సముద్రం ఇంకా మురికి రంగులోనే ఉంది. అక్కడే ఉన్న వదిన నన్ను చూసి, "ఏమన్నారు?" అంది. నేనూ అదే అడగబోయాను. ఇద్దరం ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళం పట్టుకుని ఇంటిదారి పట్టాం. మా సందు మలుపు తిరుగుతుండగా మా అత్త గొంతు వినపడింది.

"నా కొడుకో! నా బంగారు కొడుకో!"

ఆ ఏడుపు ఎలాంటిదో మా ఊళ్ళో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. మూలుగు కాదు, మొక్కు కాదు. శవం ముందు ఏడ్చే ఏడుపు. వదిన నా చెయ్యి వదిలేసి రోడ్డు మీదే కూలబడిపోయింది. "ఒకే బోటు కదే, ఒకే బోటు కదే" అంటోంది. ఆమెని లేపాలని కూడా తోచలేదు నాకు. ఇంటి ముందు జనం. నేను రాగానే దారిచ్చారు. దారివ్వడం చూసి నిజమే అనుకున్నాను. ఎవరో ముసలావిడ నా రెండు చేతులూ పట్టుకుని, నా మొహం కాదు, నా గాజులు చూస్తోంది. ఆ చేతుల్ని ఒక్క విసురు విసిరాను.

"ఎవరు చెప్పారు? ఫోనొచ్చిందా? ఎవరికొచ్చింది? చెప్పరేంటి?"

ఎవరికీ తెలియదు. అందరూ మా అత్త ఏడుపు విని వచ్చినవాళ్ళే. లోపలికి వెళ్ళాను. గోడకి మా పెళ్ళి ఫొటో ఉంటుంది. బావ నుదుటికి బాసికం, పక్కన నేను తల వంచుకుని. ఇంట్లో బావ ఫొటో అదొక్కటే. ఆ ఫొటోకి నిండుగా బంతిపూల దండ. స్కూలు దండ. ఇద్దరి మీదా పడేలా వేసి ఉంది. నేను కూడా దండలోనే ఉన్నాను.

మా అత్త దానికింద నేల మీద గుండెలు బాదుకుంటోంది. బియ్యం డ్రమ్ము పక్కన నక్కి మా పాప, దాని వెనక పక్కింటి పిల్ల. ఒక మిగులు దండ ఉంటే ఆయమ్మని అడిగి తెచ్చుకున్నారట. స్టూలెక్కి వేశారట. కళ్ళు మూసుకుని అమర్ రహే అని అరుస్తుంటే, పెరట్లోంచి వచ్చిన మా అత్త చూసింది. కబురూ లేదు, ఫోనూ లేదు. ఇంతే జరిగింది. నాకు ప్రాణం లేచొచ్చి, ఆ వెంటనే ఒళ్ళంతా కోపం పాకింది.

"ఎందుకేశావే? ఎవరు వెయ్యమన్నారే నిన్ను?" జబ్బ పట్టుకుని బయటికి లాగి చెయ్యెత్తాను.

"నాన్న అమరుడవ్వాలని" అంది. "నువ్వే చెప్పావు కదా. దండేస్తే ఎప్పటికీ ఉంటారని. వెయ్యకపోతే లేనట్టేనని."

ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

"బతికున్నోడికి దండేసిందే మహాతల్లి! తియ్యవే ముందు, తియ్యి! చూస్తా నుంచున్నావేంటి?" అని అరుస్తోంది మా అత్త. నిజమే కదా, తియ్యాలి. స్టూలెక్కాను. చెయ్యి వేశాను. పూలు ఇంకా తడిగా, చల్లగా ఉన్నాయి.

"తియ్యొద్దమ్మా! తీస్తే నాన్న చచ్చిపోతాడు!"

మా పాప నా కాళ్ళు పట్టుకుని వేలాడింది. స్టూలు ఊగింది. ఉంచితే నా కొడుకుని చంపుకున్నట్టే అంటోంది కింద తల్లి. తీస్తే మా నాన్న చచ్చిపోతాడంటోంది కూతురు. గుమ్మం దగ్గర ఊరంతా. నేను సైన్సు చదివినదాన్ని. వాయుగుండం ఎలా పుడుతుందో, ఎటు తిరుగుతుందో పిల్లలకి బోర్డు మీద గీసి చూపించగలను. ఒక పూల దండకీ ఎక్కడో నడిసముద్రంలో ఉన్న మనిషి ఊపిరికీ సంబంధం లేదని నాకు తెలియదా? తెలుసు. అయినా నా చెయ్యి రాలేదు. తీసేసి, తీసిన తర్వాత ఆ కబురే వస్తే? నేను తియ్యడం వల్లే అనుకుంటూ ఎన్నాళ్ళు బతకను? ఉంచి, ఆ కబురే వస్తే? అప్పుడు మా అత్త నన్ను బతకనిస్తుందా? స్టూలు మీద అలా ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. భగవంతుడా, ఏదో ఒకటి చెప్పవయ్యా అని లోపల అరిచాను. ఆయనెప్పుడు చెప్పాడు గనక.

దిగిపోయాను. దండ తియ్యలేదు. "ఉంచండి" అన్నాను.

"నీకేమన్నా పిచ్చెక్కిందా?"

"ఎక్కింది. ఉంచండి. ఎవరైనా దాని మీద చెయ్యేశారో, ఊరుకోను. ఇక దయచెయ్యండి అందరూ."

మా అత్త నన్ను తిట్టని తిట్టు లేదు. ఆ ఫొటో ఉన్న గదిలో ఉండనని చాప తీసుకుని అరుగు మీదికి వెళ్ళిపోయింది. మొగుడు రావాలని కోరుకునే ఆడది చేసే పనేనా ఇది అని వెళ్ళేవాళ్ళు గుసగుసలాడుకోవడం నాకు వినపడింది. వినపడేలాగే అన్నారు.

సాయంత్రం పక్కింటి పిల్ల మెల్లిగా నా పక్కకి చేరింది. "టీచర్, మా ఇంట్లో నాన్న ఫొటో లేదండి" అంది. ఉండదు. కిందటి తుపానులో నీళ్ళొచ్చి వాళ్ళ పెళ్ళి ఫొటోలన్నీ నానిపోయాయి. మిగిలినవి అన్నయ్య ఫోన్లో ఉన్నాయి, ఆ ఫోను అన్నయ్య దగ్గరే ఉంది. "ఫొటో లేకపోతే ఏమైందమ్మా, తలుచుకుంటే చాలు" అన్నాను. సరేనంది కానీ నమ్మలేదు. కాసేపటికి వాళ్ళింట్లోంచి చెంపదెబ్బ చప్పుడు, వెంటనే ఏడుపు. బీరువాలోంచి అన్నయ్య ఆధార్ కార్డు తీసి, మా దండలో రాలిన బంతిపువ్వు ఒకటి దాని మీద పెట్టిందట. వదిన చూసింది. "మీ నాన్నని చంపేస్తావా ఏంటే?" అని ఆ పువ్వు తీసి కాలవలోకి విసిరేసింది. వదినని తప్పు పట్టగలనా? మా అత్తా ఆ పనే చెయ్యమంది.

మర్నాడు పొద్దున్న పెరట్లో ఉండగా ఫోను మోగింది. తెలియని నంబరు.

"నేనేనే" అన్నాడు.

బావా, బావా అనడం తప్ప ఇంకో మాట రాలేదు. ఇంజను చచ్చిపోయిందట, గాలి ఎటు తోస్తే అటు కొట్టుకుపోయారట, ఉత్తరాన ఎవరిదో బోటు చూసి తాడు కట్టి లాక్కొచ్చిందట. ఏ హార్బరో పేరు చెప్పాడు, నా బుర్రకెక్కలేదు. గొంతు విన్నాను, చాలు. నవ్వుతున్నాను, ఏడుస్తున్నాను. కంచె అవతల బట్టలారేస్తున్న వదిన నా నవ్వు చూసింది. చేతిలో తడిబట్ట పడేసి పరిగెత్తుకొచ్చింది. తను కూడా నవ్వుతోంది. "దొరికారా? దొరికారు కదా? మీ అన్నయ్యకివ్వమను, ఒక్క మాట, ఇవ్వమనవే!"

"బావా, అన్నయ్యకివ్వు" అన్నాను.

అటువైపు ఏమీ వినపడలేదు.

"బావా?"

"పెద్ద కెరటం కొట్టినప్పుడు తాడు పట్టుకోడానికి ముందుకెళ్ళాడే" అన్నాడు. "నేను చూస్తుండగానే. నా చేతికి అందలేదే." ఆ తర్వాత మా ఆయన ఏడ్చాడు. అంతకు ముందెప్పుడూ ఆ మనిషి ఏడవడం నేను వినలేదు.

వదిన నా ముందు చెయ్యి చాపి నిలబడి ఉంది, ఫోను కోసం. నా మొహం మీద నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. దాన్ని ఎలా తుడుచుకోవాలో తెలియలేదు నాకు. వదిన నావైపు చూస్తూ చూస్తూ, చాపిన చెయ్యి మెల్లగా దించేసింది. 

ఆ పూట మా ఇంట్లో నా భర్త బతికాడన్న సంతోషాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియక చచ్చాను. కట్టెల పొయ్యి వెలిగించి, పొగ పేరు చెప్పుకుని ఏడ్చాను. మా పాపకి మాత్రం అదేం పట్టలేదు. "చూశారా, నేను దండేశాను, నాన్న వచ్చేస్తున్నాడు" అని వీధి వీధంతా చెప్పుకొచ్చింది. నోరు నొక్కి లోపలికి లాక్కొచ్చాను. బావ ఇంటికి వచ్చి, గోడమీద వాడిపోయిన దండలో తనని తాను చూసుకున్నాడు. ఎవరు వేశారని అడిగాడు. చెప్పాను. పాపని ఎత్తుకుని, "ఇంక తీసేద్దామా తల్లీ?" అన్నాడు. "ఊఁ, వచ్చేశావుగా" అంది. ఇద్దరూ కలిసి తీశారు. బావ ఆ దండ పట్టుకుని పక్కింటివైపు చూసి, మళ్ళీ తల దించుకున్నాడు.

అన్నయ్య శవం ఆ తర్వాత దొరికింది. సముద్రంలో నానిన మనిషిని పిల్లలు చూడకూడదని పెద్దవాళ్ళు అనుకున్నారు. పక్కింటి పిల్లని మా ఇంట్లోనే ఉంచేశాం. తలుపులు వేసి, టీవీలో బొమ్మలు పెట్టి, సౌండు పెంచాం. బయట ఏడుపులు దానికి వినపడకుండా. అందరూ కలిసి చేసిన తెలివైన పని అది. నేను కూడా ఊఁ అన్నదాన్నే.

పెద్దకర్మ రోజున వాళ్ళింటి ముందు షామియానా వేశారు. ఫొటో లేదు కదా, ఆధార్ కార్డు మీది చిన్న బొమ్మని ఫొటో స్టూడియోవాళ్ళు పెద్దది చేసి ఫ్రేము కట్టి పంపారు. పెద్దది చేస్తే మొహం మసకబారింది. బాగుంటుందని వాళ్ళే ఒక కోటు తొడిగారు. బతికినన్నాళ్ళూ లుంగీ, బనీను తప్ప ఎరగని మనిషికి నీలం కోటు. దానికి నిండైన బంతిపూల దండ. జనం వస్తున్నారు, ఫొటోకి దణ్ణం పెడుతున్నారు, భోజనాలకి కూర్చుంటున్నారు. వదిన ఒక మూల గోడకి ఆనుకుని కూర్చుంది, గాజుల్లేని చేతులు ఒళ్ళో పెట్టుకుని. నేను విస్తళ్ళు వేస్తున్నాను.

ఆ పిల్ల నా చీరకొంగు పట్టుకుని లాగింది. కొత్త గౌను వేశారు దానికి. అన్ని రోజుల తర్వాత మొహం వెలిగిపోతోంది.

"టీచర్, మా నాన్నకి కోటేశారు చూడండి. స్కూల్లో ఫొటోలాగే!"

ఊఁ అన్నాను.

"పెద్ద దండ కూడా వేశారు. మీ పాప వేసిందానికన్నా పెద్దది. అప్పుడు నేను పువ్వు పెడితే అమ్మ తీసేసింది కదండి, అందుకే నాన్న రాలేదు. ఇప్పుడు అమ్మే వేసింది. అందరూ దణ్ణం పెడుతున్నారు. ఇంక వచ్చేస్తాడు కదండి?"

చేతిలో విస్తళ్ళు పక్కన పెట్టేశాను. గోడ దగ్గర వదిన తలెత్తి మా ఇద్దరివైపు చూసింది. విందనుకుంటాను. ఎవరైనా వచ్చి ఈ పిల్లని లాక్కెళ్తే బాగుండును, ఆడుకోమని పంపిస్తే బాగుండును అని చుట్టూ చూశాను. ఎవరూ రాలేదు. చెప్పాల్సింది నేనే. క్లాసులో మొదలుపెట్టింది నేను కదా. దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని, రెండు భుజాలూ పట్టుకున్నాను. చిన్నప్పటినుంచీ నేను అనని మాట, మా అమ్మ వీపు మీద కొట్టి మాన్పించిన మాట, అప్పుడు అన్నాను.

"రాడు నాన్నా. మీ నాన్న పోయాడు. చచ్చిపోయాడమ్మా. దండ వేసింది అందుకే. చచ్చిపోయినవాళ్ళకే వేస్తారు. ఆ ఫొటోల్లో తాతగారు కూడా చచ్చిపోయారు. అందరూ చచ్చిపోయారు. నేను నీకు తప్పు చెప్పాను."

అది ఏడవలేదు. నా మొహంలోకి, ఆ తర్వాత ఫొటోవైపు, మళ్ళీ నా మొహంలోకి చూసింది. అర్థం చేసుకుంటోంది. మంచి తెలివైన పిల్ల, ఏ లెక్కైనా చెప్పగానే పట్టేస్తుంది. ఫొటో ముందుకి వెళ్ళి మునివేళ్ళ మీద లేచి చెయ్యి చాపింది. ఎత్తు చాలలేదు. వెనక్కి తిరిగి నన్ను పిలిచింది.

"అయితే ఆ దండ తీసెయ్యండి టీచర్. నాకు అందట్లేదు."